మామిడికి సూడోమోనాసా, బాసిల్లసా? శిలీంధ్ర తెగుళ్లపై మేలు చేసే బాక్టీరియాను ఎంచుకోవడం

పండ్ల తోటల రైతులు జీవ మందు కొనే తీరు చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. పూగుత్తుల మీద నల్లని చుక్కలు కనిపిస్తాయి. రైతు దుకాణానికి వెళ్లి రసాయనం కానిది ఏదైనా ఇవ్వమంటాడు. సూడోమోనాస్ ఉంటే సూడోమోనాస్, బాసిల్లస్ ఉంటే బాసిల్లస్, రెండూ లేకపోతే ట్రైకోడెర్మా చేతికొస్తుంది. చల్లుతాడు, మచ్చలు తగ్గవు. ఆ ఏడాదితో జీవ మందుల మీద నమ్మకం పోతుంది. ఇందులో బాక్టీరియా తప్పు చాలా తక్కువ. ఈ మూడు ప్యాకెట్లూ చూడటానికి ఒకలాగే ఉన్నా, లోపలి జీవుల బతుకు ఒకటి కాదు. ఒకటి వేరు దగ్గర పనిమంతురాలు, ఒకటి ఎండను ఓర్చుకునేది, మూడోది అసలు బాక్టీరియాయే కాదు, శిలీంధ్రం.

అందుకే "ఏది మంచిది" అని అడిగేవారికి నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. తెగులు చెట్టులో ఎక్కడ ఉంది? మందు చల్లే నాటికి వాతావరణం ఎలా ఉంటుంది? ప్యాకెట్‌లో ప్రాణంతో ఉన్నవి ఎన్ని? ఈ మూడింటికీ జవాబు దొరికితే పేరు ఎంచుకోవడం కష్టం కాదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మామిడి మచ్చ తెగులు చుట్టూ తిరుగుతుంది. దానికి కారణం, ఎంపికలో తేడా అక్కడే బాగా కనిపిస్తుంది. అరటి వడలు తెగులు గురించి కూడా కొంత చెబుతాను, ఎందుకంటే అక్కడ జవాబు పూర్తిగా మారిపోతుంది.

మచ్చ తెగులు ఎప్పుడు లోపలికి వస్తుంది

మామిడిలో మచ్చ తెగులును కొన్నిచోట్ల పక్షికన్ను తెగులు అని, ఆంత్రాక్నోస్ అని కూడా అంటారు. దీన్ని కలిగించేది కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం. ఎండిపోయిన కొమ్మల్లో, రాలకుండా చెట్టునే ఉండిపోయిన పాత పూగుత్తుల్లో, మచ్చలు పడిన ఆకుల్లో అది కాచుకుని ఉంటుంది. వాన చినుకులు, మంచు నీటి బొట్లు దాని బీజాలను కింది ఆకుల మీదికి, పూత మీదికి, పిందెల మీదికి చేరుస్తాయి. తడి కొన్ని గంటలు నిలిస్తే బీజం మొలకెత్తుతుంది.

ఆ తర్వాత జరిగేదే ఎంపికకు కీలకం. పిందె మీద మొలకెత్తిన శిలీంధ్రం కాయ తొక్కకు అతుక్కుని ఒక గట్టి ముడిలా ఏర్పడి ఊరుకుంటుంది. పచ్చికాయలో ఉండే సహజ రసాయనాలు దాన్ని ముందుకు పోనివ్వవు. కాయ పండడం మొదలయ్యాక ఆ రసాయనాలు తగ్గుతాయి, అప్పుడు నల్ల మచ్చ బయటపడుతుంది. అంటే మేలో మాగవేసిన బంగినపల్లి మీద కనిపించే మచ్చ, ఫిబ్రవరిలో పిందె మీద పడిన బీజం ఫలితం కావచ్చు. మచ్చ కనిపించాక చల్లిన బాక్టీరియా ఆ కాయను కాపాడలేదు. శిలీంధ్రం అతుక్కోకముందే బాక్టీరియా అక్కడ ఉండాలి. జీవ మందు వాడకంలో అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది ఇదే.

ఇవి పనిచేసే తీరు

మొక్కను అంటిపెట్టుకుని బతికే బాక్టీరియా శిలీంధ్రాన్ని మూడు విధాలుగా అడ్డుకుంటుంది. మొదటిది, చోటునూ ఆహారాన్నీ ముందే ఆక్రమించడం. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ఇనుమును పట్టుకునే ఒక పదార్థాన్ని విడుదల చేస్తుంది. పసుపు, ఆకుపచ్చ కలిసిన ఆ పదార్థం అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది, ఫ్లోరెసెన్స్ అన్న పేరు కూడా అందుకే వచ్చింది. చుట్టూ ఉన్న ఇనుమంతా ఇది లాగేసుకుంటే శిలీంధ్ర బీజం మొలకెత్తడం కష్టమవుతుంది.

రెండోది, శిలీంధ్రానికి విషమయ్యే పదార్థాలు తయారు చేయడం. బాసిల్లస్ జాతులు ఇటురిన్, ఫెంజైసిన్, సర్ఫాక్టిన్ అనే కొవ్వుతో కూడిన పెప్టైడ్లను, అంటే చిన్న ప్రోటీన్ ముక్కల్లాంటి పదార్థాలను ఇస్తాయి. వాటిలో ముఖ్యంగా మొదటి రెండు శిలీంధ్ర కణ పొరలను దెబ్బతీస్తాయి. సూడోమోనాస్‌కు కూడా ఇలాంటి ఆయుధాలు వేరే ఉన్నాయి.

మూడోది, మొక్కను మేల్కొల్పడం. వేరు మీదో ఆకు మీదో ఈ బాక్టీరియా స్థిరపడినప్పుడు మొక్క తన రక్షణ వ్యవస్థను ముందుగానే సిద్ధం చేసుకుంటుంది. వేరుకు ఇచ్చిన సూడోమోనాస్ ఆకు తెగులును కూడా కొంత తగ్గించగలగడానికి ఇదే కారణం. అయితే ఇది మెల్లగా జరిగే పని. సిద్ధం కావడానికి మొక్కకు రోజులు పడుతుంది. నేడు చల్లి రేపు చూసుకునే మందు కాదు.

అసలు పోలిక: రెండు బాక్టీరియాలు

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌కు గట్టి పెంకు బీజం ఏర్పరచుకునే శక్తి లేదు. ఎప్పుడూ బతికి ఉన్న సున్నితమైన కణంగానే ఉంటుంది. తేమ ఉన్న నేలలో, వేరు చుట్టూ, పశువుల ఎరువులో అది వేగంగా పెరుగుతుంది. పొడిగాలి, ఎండ, 40 డిగ్రీల వేడి దానికి సరిపడవు. బాసిల్లస్ అలా కాదు. కష్టకాలం వస్తే తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. ప్రయోగశాలలో బాసిల్లస్ బీజాలను వేరు చేయడానికి నమూనాను 80 డిగ్రీల వద్ద పది నిమిషాలు వేడి చేస్తారు. మామూలు కణాలన్నీ చస్తాయి, బీజాలు మిగులుతాయి. మే నెలలో రేకుల కప్పు కింద ఉన్న గోదాములో ఈ రెండు ప్యాకెట్లూ పక్కపక్కనే ఉంటే ఏది బతుకుతుందో చెప్పనక్కరలేదు.

ఈ ఒక్క తేడా చాలా విషయాలను తేలుస్తుంది. కొన్నాక ఎంతకాలం దాచుకోవచ్చు, ఏ నెలలో చల్లవచ్చు, దుకాణదారు దాచిన తీరు మీద మనం ఎంత ఆధారపడాలి అన్నవన్నీ దీని నుంచే వస్తాయి. మామూలు సుద్దపొడిలో కలిపిన సూడోమోనాస్ మూడు నాలుగు నెలల్లో వాడేయాలి. బాసిల్లస్ అంతకంటే చాలాకాలం నిలుస్తుంది.

అయితే మామిడి విషయంలో ఒక చిక్కు ఉంది. మన దేశంలో మామిడి మచ్చ తెగులు మీద బాగా పరీక్షించి సిఫారసు చేసినది సూడోమోనాసే. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎఫ్‌పీ7 అనే రకాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, అక్టోబరు నుంచి మూడు వారాలకొకసారి, ఐదు నుంచి ఏడు సార్లు చల్లమని చెప్పింది. వాటిలో ఒకటి పూత మీద తప్పనిసరిగా పడాలి. అదే రకానికి కైటిన్ కలిపి పూతకు ముందు నుంచి కాయ ముదిరే దాకా చల్లినప్పుడు కోత తర్వాత మచ్చలు తగ్గాయని అక్కడి శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించారు. కైటిన్ శిలీంధ్ర కణ గోడలో ఉండే పదార్థం. దాన్ని తినడానికి అలవాటు పడిన బాక్టీరియా శిలీంధ్రం గోడనూ కరిగిస్తుందన్నది వారి ఆలోచన.

మరి బాసిల్లస్‌కు పండ్ల తోటల్లో ఆధారం లేదా? ఉంది, కొంత దూరం నుంచి. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా విశ్వవిద్యాలయానికి చెందిన లీస్ కోర్స్టెన్ బృందం అవకాడో ఆకుల మీద సహజంగా ఉండే బాసిల్లస్ సబ్టిలిస్‌ను వేరు చేసి, అదే అవకాడో తోటల్లో మచ్చ తెగుళ్ల మీద అనేక సీజన్లు చల్లి చూసింది. అది తర్వాత అవోగ్రీన్ అనే పేరుతో మందుగా వచ్చింది. ప్రపంచమంతా వాడుతున్న క్యూఎస్‌టీ 713 అనే బాసిల్లస్ రకం కూడా కాలిఫోర్నియాలోని ఒక పీచ్ పండ్ల తోట మట్టి నుంచి వచ్చినదే. మొదట సబ్టిలిస్ అన్నారు, ఇప్పుడు వెలెజెన్సిస్ అనే జాతిగా లెక్కిస్తున్నారు.

ఈ ఉదాహరణలన్నిటిలో నాకు కనిపించేది ఒకటే. పరీక్షలో నెగ్గింది "సూడోమోనాస్" కాదు, "ఎఫ్‌పీ7" నెగ్గింది. "బాసిల్లస్" కాదు, ఫలానా రకం నెగ్గింది. జాతి ఒకటే అయినా ఒక రకం శిలీంధ్రాన్ని అడ్డుకుంటుంది, ఇంకోటి పక్కనే ఊరికే కూర్చుంటుంది. అందుకే ప్యాకెట్ మీద జాతి పేరు ఒక్కటే ఉండి రకం పేరు లేకపోతే నాకు అనుమానం మొదలవుతుంది.

నా ఎంపిక ఇలా ఉంటుంది. రకం పేరు ముద్రించిన, ఇటీవల తయారైన, నీడలో దాచిన సూడోమోనాస్ దొరికితే మామిడి పూతకు అదే వాడతాను. మన దేశపు మామిడి మీద పరీక్ష జరిగిందన్న భరోసా దానికుంది. అది దొరకనప్పుడు, లేదా దుకాణంలో ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియనప్పుడు, రకం పేరున్న బాసిల్లస్ ద్రవాన్ని తీసుకుంటాను. తెలియని సూడోమోనాస్ పొడి కంటే తెలిసిన బాసిల్లస్ మేలు. బాసిల్లస్ ద్రవంలో బాక్టీరియాతోపాటు అది పెరిగేటప్పుడు విడుదల చేసిన పెప్టైడ్లు కూడా ఉంటాయి కాబట్టి ఆకు మీద పడగానే కొంత రక్షణ మొదలవుతుంది. ఇది చిన్న లాభం కాదు.

బూడిద తెగులు సంగతి వేరు. పూత మీద తెల్లని పొడి కనిపించే ఈ తెగులుకు తడి నిలవాల్సిన పని లేదు, పొడి వాతావరణంలోనే పెరుగుతుంది. బాసిల్లస్ దాని మీద కొంత పనిచేస్తుంది. కానీ నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చవకగా, నమ్మకంగా పనిచేస్తుంటే బాక్టీరియా కోసం పట్టుబట్టడం నాకు సబబుగా అనిపించదు. సేంద్రియ సాగులోనూ గంధకానికి అనుమతి ఉంది. ఎండ ముదిరాక గంధకం లేత పూతను మాడుస్తుంది కాబట్టి చల్లని పూట చల్లాలి.

లెక్క వేసుకుని కొనండి

పది మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఎకరాకు 40 చెట్లు ఉంటాయి. ఎదిగిన చెట్టు పూర్తిగా తడవాలంటే సుమారు 10 లీటర్ల ద్రావణం కావాలి. అంటే ఎకరాకు 400 లీటర్లు, లీటరుకు 5 గ్రాముల చొప్పున ఒక్క పిచికారీకి 2 కిలోల పొడి. ఐదు పిచికారీలకు 10 కిలోలు. అరకిలో ప్యాకెట్ తెచ్చి ఎకరం తోట మీద చల్లి "పనిచేయలేదు" అన్న రైతులను నేను చూశాను. ఆ మోతాదులో ఏ జీవి అయినా పనిచేయలేదు.

ఇప్పుడు ప్రాణం లెక్క. మన దేశంలో ఇలాంటి బాక్టీరియా పొడిలో గ్రాముకు కనీసం 10 కోట్ల బతికిన కణాలు ఉండాలి. లీటరు నీటిలో 5 గ్రాములు కలిపితే ప్రతి మిల్లీలీటరులో 5 లక్షల కణాలు వస్తాయి. వేడికి వంద కణాల్లో తొంభై తొమ్మిది చనిపోయాయనుకోండి, మిల్లీలీటరుకు మిగిలేవి 5 వేలు మాత్రమే. ప్యాకెట్ రంగు మారదు, వాసన మారదు, ధర కూడా మారదు. ఆకు మీద చోటు ఆక్రమించే సత్తా మాత్రం పోతుంది. ట్రైకోడెర్మాకు కనీస సంఖ్య గ్రాముకు 20 లక్షలే. అది శిలీంధ్రం కాబట్టి ఆ లెక్క వేరు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి బాక్టీరియా యాభై రెట్లు బలమైనదని అనుకోకండి.

కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ, రకం పేరు, గ్రాముకు కణాల సంఖ్య, కేంద్ర క్రిమిసంహారక మండలి రిజిస్ట్రేషన్ సంఖ్య చూడండి. రిజిస్ట్రేషన్ సంఖ్య లేకుండా "పెరుగుదలకు", "రోగనిరోధక శక్తికి" అని మాత్రమే రాసి ఉన్న సీసాను తెగులు మందుగా కొనవద్దు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క మైక్రోబియల్ కన్సార్షియం లాంటివి మంచివే, కానీ వాటి ప్రధాన పని నత్రజని, భాస్వరం, జింకు అందించి మొక్కను పెంచడం. ఎరువు పని వేరు, తెగులు పని వేరు.

పొడి, ద్రవం

సుద్దపొడి చవక. నేలకు, పశువుల ఎరువులో కలపడానికి, పిలకలకు పట్టించడానికి అది చాలు. ఆకుల మీద చల్లాలంటే మాత్రం ముందు రాత్రి నీటిలో నానబెట్టి, వడకట్టి, పై తేట వాడాలి. లేకపోతే స్ప్రేయర్ ముక్కు మూసుకుపోతుంది, కాయ మీద తెల్లని పూత మిగులుతుంది. డ్రిప్ ద్వారా ఇవ్వాలనుకుంటే పొడి వద్దు. ఫిల్టర్లు నిండిపోతాయి, చిల్లులు పూడుకుపోతాయి. అక్కడ ద్రవ రూపమే సరైనది. గ్లిసరాల్ లాంటివి కలిపిన ద్రవ సూడోమోనాస్ పొడి కంటే ఎక్కువ కాలం, ఆరు నెలల దాకా నిలుస్తుంది.

ఇంట్లో పెంచుకోవడం గురించి కూడా చాలామంది అడుగుతారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, ఎన్‌ఐపీహెచ్‌ఎం, రైతులకు ఈ జీవ నియంత్రణ కారకాలను పొలంలోనే తయారు చేసుకోవడంలో శిక్షణ ఇస్తుంది. ఆ శిక్షణ పొందినవారు శుభ్రంగా చేయగలరు. శిక్షణ లేకుండా డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి ప్యాకెట్ కలిపి నాలుగు రోజులు ఉంచితే అందులో ఏదో ఒకటి తప్పక పెరుగుతుంది. అది మనం వేసిన సూడోమోనాసే అని చెప్పే దారి పొలంలో లేదు. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా పెంచుకోవడం మాత్రం అందరికీ అందుబాటులో ఉన్న పని, దాన్ని నేను గట్టిగా ప్రోత్సహిస్తాను.

అరటిలో జవాబు మారుతుంది

అరటి వడలు తెగులును పనామా తెగులు అంటారు. కారకం ఫ్యుజేరియం. నేలలో ఉంటుంది, వేర్ల ద్వారా దూరి నీటి నాళాలను మూసేస్తుంది. కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, కాండం చుట్టూ వేలాడతాయి. దుంపను కోస్తే ఎర్రని గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. గోదావరి జిల్లాల్లో అమృతపాణి సాగు చేసేవారికి ఈ దృశ్యం బాగా తెలుసు, ఆ రకానికి ఈ తెగులు ఎక్కువ. కర్పూర చక్కెరకేళి దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. శిలీంధ్ర బీజాలు నేలలో దశాబ్దాలు బతుకుతాయి, సోకిన మొక్కకు వైద్యం లేదు.

ఇక్కడ ఆకు మీద చల్లడం దండగ. యుద్ధం దుంప దగ్గర, వేరు కొసల దగ్గర. తేమ, సేంద్రియ పదార్థం ఉన్న ఆ చోటు సూడోమోనాస్‌కు పుట్టినిల్లు. పిలక దుంపను శుభ్రంగా చెక్కి, సూడోమోనాస్ ద్రావణంలో ముంచి నాటడం, ఎకరాకు కిలో చొప్పున పశువుల ఎరువు, వేపపిండితో కలిపి పాదులో వేయడం సాధారణ పద్ధతి. ఇక్కడ బాసిల్లస్ కంటే సూడోమోనాస్ వైపే నేను మొగ్గుతాను. దానికి తోడు ట్రైకోడెర్మా. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పది రోజులు ఉంచి వేస్తే శిలీంధ్రం ఆ ఎరువంతా అల్లుకుంటుంది. బత్తాయి వేరుకుళ్ళు కనిపించే తోటలకు కూడా ఈ మిశ్రమమే నేను మొదట చెబుతాను.

టిష్యూ కల్చర్ అరటి మొక్కల గురించి ఒక మాట. ప్రయోగశాలలో సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఆ మొక్కల్లో తల్లి మొక్క నుంచి పిలకకు వచ్చే సహజ బాక్టీరియా ఉండదు. తెగులు లేని మొక్క అని మనం సంతోషిస్తాం, నిజమే. కానీ రక్షణగా ఉండే జీవులు కూడా లేని మొక్క అది. నర్సరీలో సంచుల్లో గట్టిపరిచే దశలోనే సూడోమోనాస్ లేదా బాసిల్లస్ పట్టిస్తే ఖాళీగా ఉన్న వేర్లలో అవి సులభంగా స్థిరపడతాయి. పొలంలో నాటాక ఇచ్చే మోతాదు కంటే ఆ దశలో ఇచ్చే కొద్దిపాటి మోతాదు విలువైనది. మొక్కలు కొనేటప్పుడు నర్సరీవారిని ఈ ప్రశ్న అడగండి. చాలామంది రైతులు అడగడం లేదు.

గ్రాండ్ నైన్ లాంటి కావెండిష్ రకాలను కూడా చంపే టీఆర్4 అనే ఫ్యుజేరియం రకం బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో కనిపించింది. అక్కడ భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలు ట్రైకోడెర్మా రీసీ ఆధారంగా ఫ్యూజికాంట్ అనే మందును తయారు చేశాయి. టీఆర్4 ఉన్న ప్రాంతం నుంచి పిలకలు తెచ్చి, బాక్టీరియా పట్టించాం కదా అని ధైర్యంగా నాటడం మాత్రం ఎవరూ చేయకూడదు. పిలక ఎక్కడిదన్నదే అక్కడ మొదటి రక్షణ.

కలపకూడనివి

బాక్టీరియాను చంపే మందును బాక్టీరియాతో కలపవద్దు. చెప్పడానికి ఇది చిన్న మాట, కానీ పొలంలో ఎక్కువగా జరుగుతున్నది ఇదే. స్ట్రెప్టోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ పొడులు, కాసుగామైసిన్, కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం, వీటికీ బాక్టీరియా పిచికారీకీ మధ్య 10 నుంచి 15 రోజుల ఎడం పెట్టండి. బాసిల్లస్ బీజం రాగిని కొంత తట్టుకుంటుంది, అయినా ఒకే ట్యాంకులో కలపనవసరం లేదు. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీరు కూడా వద్దు, బోరు నీరో చెరువు నీరో వాడండి.

శిలీంధ్రనాశినుల విషయంలో బాక్టీరియాకు ట్రైకోడెర్మా కంటే మేలైన గుణం ఉంది. కార్బెండజిమ్, హెక్సాకోనజోల్, అజాక్సిస్ట్రోబిన్ శిలీంధ్రాలను లక్ష్యంగా చేసుకున్నవి. బాక్టీరియాకు వాటి వల్ల సాధారణంగా పెద్ద హాని ఉండదు. ట్రైకోడెర్మా తానే శిలీంధ్రం కాబట్టి కార్బెండజిమ్ పడితే ముందు అదే పోతుంది. రసాయనాలను పూర్తిగా మానలేని తోటలో బాక్టీరియాను ఎంచుకోవడానికి ఇది బలమైన కారణం.

చల్లే వేళ సాయంత్రం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బాక్టీరియాను చంపుతాయి. రాత్రి మంచు దానికి పెరిగే అవకాశం ఇస్తుంది. పూత మీద పరాగ సంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు పొద్దున తిరుగుతాయి కాబట్టి వాటికీ సాయంత్రమే క్షేమం. జీవ మందే కదా అని ముఖానికి గుడ్డ కట్టుకోకుండా పొడి కలపవద్దు. ఊపిరితిత్తుల్లోకి ఏ పొడీ పోకూడదు.

రసాయనం ఎప్పుడు తప్పదు

బాక్టీరియాను ఎంత ఇష్టపడినా ఇది దాచకూడదు. విరబూసిన పూత మీద రెండు మూడు రోజులు ముసురు పట్టి, పూగుత్తులు ఆరకుండా ఉంటే, మచ్చ తెగులు ఉధృతిని బాక్టీరియా ఒక్కటే ఆపలేదు. వాన కడిగేస్తుంది, శిలీంధ్రం వేగంగా పెరుగుతుంది. అప్పుడు లేబుల్ మీద మామిడికి అనుమతి ఉన్న శిలీంధ్రనాశిని ఒకసారి చల్లి, ఆ తర్వాత మళ్లీ బాక్టీరియాకు రావడం తెలివైన దారి. కార్బెండజిమ్‌ను ఏటా అదే పనిగా వాడిన చోట దాన్ని తట్టుకునే కొల్లెటోట్రైకమ్ తయారవుతుందని కూడా మరవకూడదు.

రసాయనం మొదట్లో, బాక్టీరియా కోతకు దగ్గర్లో అన్న వరుస ఎగుమతి చేసేవారికి మరీ ముఖ్యం. కోతకు ముందు రోజుల్లో చల్లిన రసాయనం అవశేషాలు కాయ మీద మిగులుతాయి, పరీక్షలో సరుకు తిరస్కరణకు గురవుతుంది. బాక్టీరియాకు ఆ సమస్య లేదు. కోతకు మూడు వారాల ముందు ఒకటి, వారం ముందు ఒకటి బాక్టీరియా పిచికారీ ఇవ్వడానికి నేను వెనకాడను.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పనికి ఖర్చు లేదు. కాయలు కోశాక, జూన్ జూలైలో, ఎండు కొమ్మలు, పాత పూగుత్తులు కత్తిరించి తోట బయట కాల్చండి. కోసిన చోట రాగి మందు పూయండి. చెట్టు లోపలికి గాలి, వెలుతురు ఆడితే మంచు తొందరగా ఆరుతుంది. చెట్టు నిండా తెగులు బీజాలు ఉంచుకుని కింద నుంచి బాక్టీరియా చల్లితే ఏ రకమైనా ఓడిపోతుంది.

కోత తర్వాత

ప్యాక్‌హౌస్‌లో పండ్ల మీద బాక్టీరియా వాడటం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో 1984లో ప్యూసీ, విల్సన్ అనే శాస్త్రవేత్తలు కోసిన పీచ్ పండ్ల కుళ్ళును బాసిల్లస్‌తో ఆపవచ్చని చూపారు. ఆపిల్ పండ్ల మీద దొరికిన సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా రకానికి 1995లో అక్కడ అనుమతి వచ్చి, ఆపిల్, పియర్, నిమ్మజాతి పండ్ల నిల్వలో వాడకానికి వచ్చింది. మన మామిడికి మాత్రం ఇప్పటికీ 52 డిగ్రీల వేడినీటిలో పది నిమిషాలు ముంచడమే నమ్మకమైన పద్ధతి. దాగి ఉన్న మచ్చ తెగులును అది తొక్క కింద చంపుతుంది, బాక్టీరియా ఆ పని చేయలేదు.

ఎవరికి ఏది

పూత సమయంలో వాన రాని, పొద్దున మంచు మాత్రమే ఉండే తోటల్లో, జగిత్యాల, కొల్లాపూర్ వైపు, పూమొగ్గ పగిలినప్పటి నుంచి మూడు వారాలకొకసారి తాజా సూడోమోనాస్ సరిపోతుంది. చిత్తూరు వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉండే చోట, అక్టోబరులోనే మొదలుపెట్టండి. దగ్గర్లో తాజా సరుకు దొరకకపోతే, వేడి ప్రాంతంలో కొని దాచుకోవాల్సి వస్తే, బాసిల్లస్ ద్రవం. అరటి, బత్తాయిలో వేరు, దుంప తెగుళ్లకు సూడోమోనాస్, ట్రైకోడెర్మా పశువుల ఎరువుతో. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు ఉంటే ఈ పోలిక అంతా మీకు వర్తించదు, అది శిలీంధ్రం కాదు కాబట్టి ముందు తెగులును సరిగ్గా గుర్తింపజేసుకోండి.

చివరగా, మీ తోటలో ఏది పనిచేస్తుందో తేల్చుకోవడానికి ఒక వరుసలో పది చెట్లకు ఒకటి, పక్క వరుసలో పది చెట్లకు రెండోది, మూడో వరుసకు ఏదీ లేకుండా వదలండి. ఎరువు, నీరు అన్నిటికీ ఒకటే. కోసినప్పుడు ఒక్కో వరుస నుంచి యాభై కాయలు, ఒకే పరిమాణంలో ఉన్నవి, విడివిడిగా గడ్డిలో మాగవేయండి. పూర్తిగా పండిన రోజున మచ్చ పడిన కాయలు ఎన్నో లెక్కపెట్టి, రకం పేరు, తయారీ తేదీ, చల్లిన తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. తోటలో ఆకుల మీద మచ్చలు లెక్కించడం కంటే ఈ లెక్క నమ్మదగినది, ఎందుకంటే దాగి ఉన్న తెగులు బయటపడేది అక్కడే.